ఎర్రదారం తువ్వాలు

ఆ ఆసుపత్రి లాండ్రీలో ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. చిన్నా పెద్దా అందరికీ మరకలక్కే. దుప్పటి మీద మరక ఎలాంటిదైనా సరే, ఒక్కసారి వెలుతురుకు పట్టి చూసి, ఇది మందు, ఇది టీ, ఇది ఎవరి జేబులోనో పెన్ను కక్కిన సిరా అని చెప్పేసేది. చెప్పడమే కాదు, వదలగొట్టేది కూడా. పై అంతస్తుల్లో పెద్ద డాక్టర్లు కోటు పాడైతే కిందికి మనిషిని పంపి, "అక్క చేతికే ఇమ్మన్నారు" అని చెప్పించేవారు. అక్క ఆ కోటు అందుకుని, "అయ్యగారికి రోగం కుదర్చడం వచ్చుగానీ కూర ఒలకకుండా తినడం రాదు" అనేది. ఆ మాట పైకి చేరేది, పైన కూడా నవ్వుకునేవారు.

లాండ్రీ నేలమాళిగలో ఉంది. పెద్ద యంత్రాలు పొద్దుటినుంచీ గిరగిరా తిరుగుతూనే ఉంటాయి కాబట్టి అక్కడ పనిచేసేవాళ్ళందరికీ గొంతు పెద్దది, ఇంటికెళ్ళినా తగ్గదు. యంత్రాలకు ఇవతల బట్టలు వేరుచేసే బల్ల అక్కది. అవతల ఇస్త్రీ బల్ల మడత బాబాయిది. దుప్పటిని గాల్లోకి విసిరి, అది బల్ల మీద వాలేలోపే మడతలు పెట్టేస్తాడని ఆయనకా పేరు. మధ్యాహ్నం ఇద్దరూ గోడవార బెంచీ మీద కూర్చుని డబ్బాలు విప్పుకునేవారు. ఎవరి డబ్బాలో కూర బాగుంటే రెండోవాళ్ళ చెయ్యి అందులోకి పోయేది. ఏళ్ళ తరబడి అలవాటు, అడగడాలూ మొహమాటాలూ ఏనాడో పోయాయి.

ఇంటి దగ్గర ఆవిడకు ఉన్నది ఒక్క అత్తగారు. పెళ్ళయిన కొన్నేళ్ళకే భర్త పోయాడు. పిల్లల్లేరు. ఏడుపులు సద్దుమణిగాక చుట్టాలంతా కూర్చుని, ఇక ఈ పిల్ల పుట్టింటికి, పెద్దావిడ కూతురింటికి అని పంపకాలు చేసేశారు. అత్తగారు అందరి మాటా ఓపిగ్గా విని, ఖాళీ టీ గ్లాసులు ఏరి పక్కన పెట్టి, "అయిందా? ఇక లేవండి. నా కోడలు నా దగ్గరే ఉంటుంది" అంది. ఆనాటినుంచి ఆ రెండు గదుల ఇంట్లో వాళ్ళిద్దరే. అత్తాకోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అనుకునేవాళ్ళు ఆ ఇంటికొచ్చి నాలుక కరుచుకునేవారు. పోట్లాట లేదని కాదు, రోజూ ఉండేది. అన్నం చల్లారేలోపు అయిపోయేది, అంతే.

ఈ మధ్య పెద్దావిడ చూపు బాగా మందగించింది. మనిషి వచ్చినట్టు తెలుస్తుంది, వచ్చింది ఎవరో తెలియదు. సెలవు రోజున అక్క వేణ్ణీళ్ళు కాచి, అత్తగారికి తలస్నానం చేయించి, చిక్కు తీసి జడ వేసేది. "దుప్పటి పిండినట్టు పిండకే, అది నా తల" అని ఆవిడ అరిచేది. "మీ తలకన్నా దుప్పటే నయం అత్తయ్యా, నోరెత్తదు" అని ఈవిడ ఇంకాస్త గట్టిగా రుద్దేది. వారమంతా ఇద్దరూ ఎదురుచూసేది ఆ గంట కోసమే. ఇద్దరిలో ఒక్కరూ ఆ ముక్క బయటకి అనలేదు.

ఇంత సుఖంగా ఉన్న కొంపలోకి ఒక సూది వచ్చి పడింది.

వార్డుల నుంచి దిగే బట్టలకు ఆ లాండ్రీలో ఒక గుర్తు ఉండేది. మూలన నీలం దారంతో కుట్టు ఉంటే మామూలు బట్టలు. ఎర్రదారం ఉంటే అంటురోగాల గదులవి, విడిగా మరిగే నీళ్ళలో ఉడకాలి. దారం సన్నది, నేలమాళిగలో వెలుతురు అంతంతమాత్రం. అందుకని అక్క ఏళ్ళనాడే ఒక పద్ధతి కనిపెట్టుకుంది. కుడిచేతి గ్లౌజు తీసేసి, మూలను వేళ్ళతో తడిమి ముందు కుట్టు దొరికించుకునేది, తర్వాత రంగు చూసుకునేది. గ్లౌజు తీయకూడదని రూలు. రూలు గోడ మీద ఉంది, పని బల్ల మీద ఉంది. రెండింటికీ పడదు.

ఆ రోజు కుట్టు కోసం తడుముతున్న వేలికి చురుక్కుమని ఏదో దిగింది. చూస్తే సూది. ఏ తొందరలోనో ఎవరో దుప్పటి మడతలో వదిలేసిన ఇంజెక్షన్ సూది. వేలి మీద ఎర్రటి చుక్క. మూలన దారం చూసింది. అదీ ఎరుపే.

పరుగున వెళ్ళి పంపు కింద చెయ్యి పెట్టి సబ్బుతో కడిగింది. ఆ పూటే సూపర్‌వైజరుతో చెప్పి ఉంటే సరిపోయేది. కానీ చెప్పలేదు. ఎందుకంటే అంతకుముందు ఇలాగే సూది గుచ్చుకున్న ఒక ఆయా పాపం నిజం చెప్పింది. సాయంత్రానికల్లా ఆసుపత్రి అంతా పాకింది. మర్నాడు ఆ పిల్ల మంచినీళ్ళ గ్లాసును ఎవరో తీసి కిటికీలో విడిగా పెట్టారు. హెచ్‌ఐవీ వచ్చిందో లేదో ఎవరికీ తెలియదుగానీ ఆ పిల్ల మాత్రం ఉద్యోగం మానేసి వెళ్ళిపోయింది. పైగా గ్లౌజు తీసింది అక్కే. తప్పు తనదే అంటారు. కాబట్టి నోరు కుట్టేసుకుంది.

ఇక మొదలైంది చూడండి. చిన్న జలుబు చేస్తే అదే అనుకుంది. మెడ మీద చెమటకాయ లేస్తే అదే. నడుము దగ్గర చీర వదులైతే చిక్కిపోతున్నా అనుకుంది, బిగుతైతే వాచిపోతున్నా అనుకుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, లాండ్రీలో ఎవరైనా "ఏంటక్కా అలా ఉన్నావ్?" అంటే "నాకేం, నేను బాగానే ఉన్నా!" అని మీదపడేది. మధ్యాహ్నం కడుపులో బాగాలేదని చెప్పి డబ్బాతో మెట్ల కింద విడిగా కూర్చునేది. మడత బాబాయి ఒకట్రెండు సార్లు అటు చూసి, తన డబ్బా తను విప్పుకున్నాడు.

తనకేమవుతుందో అన్న భయం ఒక పాలైతే, అత్తగారికి అంటిస్తానేమో అన్న భయం మూడు పాళ్ళు. చూపులేని మనిషి, ఏది ఎవరిదో తెలియక అన్నీ తాకుతుంది. అందుకని అక్క తనకు తెలిసిన విద్యే వాడింది. ఒక తువ్వాలు, ఒక దుప్పటి, ఒక దిండుగలీబు తీసి వాటి మూలన ఎర్రదారంతో కుట్టేసింది. లాండ్రీలో అయితే సన్నగా కుట్టేవారు, ఇంట్లో భయం కొద్దీ దొడ్డుగా, నాలుగు వరసలు కుట్టింది. తాగే గ్లాసు అలమరలో పైన ఎక్కడో పెట్టుకుంది. తలస్నానాలు చేయించడం మానేసింది. "చేతులు నొప్పిగా ఉన్నాయి అత్తయ్యా, పక్కింటమ్మాయిని రమ్మంటా" అనేది. పక్కింటమ్మాయి మెత్తగా, మర్యాదగా రుద్దేది. పెద్దావిడకు అది ఒంటబట్టలేదు.

అలా మూడు నెలలు దాటాయి. ఒక సాయంత్రం అక్క పని నుంచి వచ్చేసరికి అత్తగారు పెరటి గుమ్మంలో నిలబడి మొహం తుడుచుకుంటోంది. చేతిలో ఎర్రదారం తువ్వాలు.

అక్కకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క అంగలో వెళ్ళి ఆ తువ్వాలు లాగేసి, "అది ముట్టుకోవద్దు! ఎవరు తీయమన్నారు మిమ్మల్ని? ఎన్నాళ్ళనుంచి వాడుతున్నారు?" అని యంత్రాల మధ్య అరిచినట్టు అరిచింది.

పెద్దావిడ బిత్తరపోయింది. "మొదట్నించీ అదేనే వాడుతున్నది. తీగ మీద అన్నీ తెల్లగా కలిసిపోయి ఉంటాయి. ఆ ఎరుపొక్కటే నా కంటికి ఆనుతుంది. నా కోసమే కుట్టావనుకున్నా" అంది.

అత్త మీద కోపం దుత్త మీద చూపించిన కోడళ్ళను విన్నాం. తువ్వాలు మీది భయాన్ని అత్త మీద చూపించిన కోడలు ఈవిడే అయ్యుంటుంది. నిజం చెప్పలేక, చెప్పకుండా ఊరుకోలేక, తువ్వాలు పట్టుకుని గదిలోకి పోయి తలుపేసుకుంది. తలుపవతల పెద్దావిడ చాలాసేపు నిలబడి ఉంది. తర్వాత గోడ పట్టుకుని నడిచి వెళ్ళి కూతురికి ఫోను చేసింది. "వచ్చి తీసుకుపో అమ్మా. ఇక్కడ నేను ముట్టుకుంటే మైలపడే సామాన్లొచ్చాయి" అనడం లోపలికి వినపడింది. ఎల్లుండి వస్తానంది కూతురు.

ఎన్నో ఏళ్ళు, ఎంతోమంది చెప్పినా విడిపోని ఇద్దరు, ఒక సూది వల్ల, కాదు, ఒక సూది గురించి చెప్పుకోలేకపోవడం వల్ల విడిపోబోతున్నారు. పాపం, ఆ రాత్రి అక్క ఏడ్చింది తన కోసం కాదు. మొదట్నించీ అదే వాడుతున్నా అన్న మాట కోసం. ఇంత జాగ్రత్తపడి, చేతులారా తనే అంటించానేమోనని.

తెల్లవారి పనికి సెలవు పెట్టేసింది. బస్టాండు గోడ మీద ఉన్న ఒక బోర్డు రోజూ వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ చూస్తూనే ఉంది, చూడనట్టు నటిస్తూనే ఉంది. హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, పేరు చెప్పనక్కర్లేదు, ఎవరికీ చెప్పం అని రాసి ఉంది దాని మీద. కింద అడ్రసు. ఊరికి ఆ చివర వేరే ఆసుపత్రి. అదే మంచిదనుకుంది, తెలిసిన మొహం ఒక్కటీ ఉండదు.

అక్కడ నిజంగానే పేరడగలేదు. ఒక నంబరు చీటీ ఇచ్చి కూర్చోమన్నారు. పొడుగాటి వసారా, గోడ పొడుగునా కుర్చీలు. మొహానికి గుడ్డ చుట్టుకుని అక్క చివరి కుర్చీలో కూర్చుంది. వసారా అవతల ఒక కిటికీ దగ్గర మందులిస్తున్నారు. ఒక సన్నటి మనిషి మాత్రల డబ్బా అందుకుని, చేతిసంచిలో పెట్టుకుని, సంచి నోరు చక్కగా రెండు మడతలు పెట్టి ఇటు తిరిగాడు. ఆ మడత చూడగానే అక్క మొహం మీది గుడ్డ ఇంకాస్త పైకి లాక్కుంది.

మడత బాబాయి కూడా చూశాడు. గుడ్డ చుట్టుకుంటే మాత్రం, అన్నేళ్ళు పక్కన కూర్చుని తిన్న మనిషిని గుర్తుపట్టడా? ఒక క్షణం ఇద్దరూ పామును చూసినట్టు బిగుసుకుపోయారు. ఆయన తల తిప్పుకుని వెళ్ళిపోవచ్చు. మెట్లు పక్కనే ఉన్నాయి. వెళ్ళలేదు. వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"ఎవరి కోసం వచ్చావమ్మాయ్?" అన్నాడు నెమ్మదిగా.

"మా చుట్టాలమ్మాయి కోసం బాబాయ్. ఊరికే, కనుక్కుందామని."

"ఊఁ. నేను నా కోసమే వచ్చాను."

అంతే అన్నాడు. తొమ్మిదేళ్ళుగా లాండ్రీలో ఎవరికీ చెప్పని మాట, ఇవాళ చెప్పాల్సిన అవసరం ఏమీ లేని మాట, పక్కన భయంతో వణుకుతున్న ఒక మనిషికి తోడుగా చెప్పేశాడు. అక్కకు ఇక చుట్టాలమ్మాయి నిలబడలేదు. సూదీ, దారం, తువ్వాలు, అత్తగారి ఫోను, అన్నీ కక్కేసింది.

బాబాయి విని నిట్టూర్చాడు. "నేనూ మొదట్లో కంచం విడిగా పెట్టుకున్నా. పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాణ్ణి కాదు. మా ఆవిడ ఊరుకుని ఊరుకుని, ఒక రోజు ఆ కంచం తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేసింది. 'డాక్టరు చెప్పింది నేనూ విన్నాను, ఇక నాటకాలు చాలించి వచ్చి కూర్చో' అంది. అప్పట్నించీ మాత్రలు వేసుకుంటున్నా, పనికొస్తున్నా, నీ డబ్బాలో కూర తింటున్నా. నీకేమైనా అయిందా?"

లోపలినుంచి నంబరు పిలిచారు.

పరీక్షకు ముందు కూర్చోబెట్టి మాట్లాడే కౌన్సిలర్ చిన్న వయసు అమ్మాయి. తలుపు దగ్గరికి వేసి, కుర్చీ జరిపి, "ఏం జరిగిందో మీకు చెప్పాలనిపించినంత చెప్పండమ్మా, చాలు" అంది. అంతా విని, తిట్టలేదు. "సూది గుచ్చుకున్న రోజే వచ్చి ఉంటే మాత్రలు మొదలుపెట్టేవాళ్ళం. మూడు రోజుల్లోపు మొదలుపెట్టాలి అవి. అయినా ఇలా సూది వల్ల వచ్చేది చాలా చాలా అరుదు. మూడు నెలలు దాటాయి కాబట్టి ఇవాళ పరీక్షలో ఏది వస్తే అదే ఖాయం అనుకోవచ్చు" అంది.

అక్క అడగాలనుకున్నది అది కాదు. "మరి తువ్వాలు వల్ల మా అత్తయ్యకు..."

"తువ్వాలు వల్ల రాదమ్మా. కంచం వల్ల రాదు, గ్లాసు వల్ల రాదు, తలస్నానం చేయిస్తే రాదు, పక్కన పడుకుంటే రాదు. మీకు ఉన్నా సరే, వాటివల్ల ఆవిడకు రాదు."

అక్క ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది. ఇంకా పరీక్షే కాలేదు, తనకుందో లేదో తెలియదు, కానీ గుండె మీద బండలో పెద్ద ముక్క అప్పుడే దిగిపోయింది. నెత్తురు తీయడానికొచ్చిన నర్సు వేలు చాపమంటే కుడి చూపుడువేలు చాపి, మళ్ళీ చటుక్కున వెనక్కి తీసుకుని, "ఇది వద్దమ్మా, దీనితో పడ్డ బాధ చాలు" అని ఎడమచెయ్యి ఇచ్చింది. నర్సుకు అర్థం కాలేదుగానీ కౌన్సిలర్ నవ్వింది.

ఫలితం వచ్చేదాకా బాబాయి కదల్లేదు. ఏం మాట్లాడాలో తెలియక, సంచి నోరు విప్పడం, మళ్ళీ మడతపెట్టడం. అదే పని. మళ్ళీ లోపలికి పిలిచినప్పుడు "పద, నేనిక్కడే ఉంటా" అన్నాడు.

"లేదమ్మా" అంది కౌన్సిలర్.

"ఏం లేదు?"

"మీకు హెచ్‌ఐవీ లేదు."

"సరిగ్గా చూశారా తల్లీ? చీటీలు మారిపోలేదు కదా? మా లాండ్రీలో అప్పుడప్పుడు మారతాయి."

"మారలేదు. లేదు. హాయిగా ఇంటికి వెళ్ళండి."

బయటికి వచ్చేటప్పుడు ఆవిడకు కాళ్ళు నేల మీద ఆనలేదు. అంతలో కుర్చీలో బాబాయి కనిపించాడు, ఒడిలో మాత్రల సంచితో. మొహం మీది నవ్వు టక్కున ఆర్పేసుకుంది. తన కష్టం ఒక గంటలో తీరిపోయింది, ఆయనది అలాగే కూర్చుని ఉంది. ఏమని చెప్పాలి?

ఆయనే చెప్పాడు. "తెలిసిందిలే, నీ నడకే చెబుతోంది. నవ్వమ్మాయ్. నా ముందు నవ్వకపోతే ఇంకెవరి ముందు నవ్వుతావ్?"

అప్పుడు నవ్వింది, ఏడుస్తూనే. "నీ కడుపు చల్లగుండ బాబాయ్. ఈ మాట నాతోనే మట్టిలో కలుస్తుంది" అంది. "దేనికి? ఇప్పుడే కలిసే తొందరేం లేదు నాకు" అన్నాడాయన. బస్టాండులో దిగాక ఆవిడ ఆ బోర్డు ముందు ఒక నిమిషం ఆగింది. పేరు చెప్పనక్కర్లేదు అన్న మాట రాయించాలని ఎవరికి తోచిందో, వాళ్ళు చల్లగా ఉండాలని మనసారా అనుకుంది. ఆ ఒక్క మాట లేకపోతే తను ఆ మెట్లు ఎక్కేదే కాదు.

ఇంటికొచ్చేసరికి ట్రంకుపెట్టె గుమ్మం దగ్గరికి వచ్చేసింది. దాని మీద అత్తగారు కూర్చుని ఉంది, రేపు రాబోయే కూతురి కోసం ఇవాళే.

"లేవండి అత్తయ్యా, పెట్టె లోపల పెట్టేస్తాను."

"అక్కర్లేదులే. ఏది ముట్టుకోవచ్చో ఏది ముట్టుకోకూడదో తెలియని గుడ్డిదాన్ని. మీ ఇంట్లో నాకు కష్టం."

మీ ఇల్లు అంది. ఎన్నడూ అనని మాట. అక్క అక్కడే నేల మీద కూలబడి, ముసలావిడ మోకాళ్ళు పట్టుకుని, దాచకుండా చెప్పేసింది. సూది గుచ్చుకున్న దగ్గర్నించి నర్సుకు ఎడమచెయ్యి ఇచ్చినదాకా అన్నీ చెప్పింది. బాబాయి సంగతి ఒక్కటి తప్ప. అది తనది కాదు.

పెద్దావిడ చెయ్యి చాపి, తడుముకుంటూ కోడలి చెయ్యి అందుకుంది. "ఏ వేలే?" అంది. చూపుడువేలు చేతికి ఇచ్చింది అక్క. ఆవిడ దాన్ని రెండు అరచేతుల్లో పెట్టుకుని రాసింది, దెబ్బ తగిలిన చంటిపిల్ల వేలు రాసినట్టు.

"నేనంటే రోత పుట్టిందనుకున్నానే" అంది.

"అయ్యో అత్తయ్యా!"

"మూడు నెలలు ఒక్కదానివే మోశావా? పక్క గదిలోనే ఉన్నాను కదే, చచ్చానా? సరే, ఉందనే చెప్పారనుకో. ఏం చేసేదానివి?"

"మిమ్మల్ని వదిన దగ్గరికి పంపేసేదాన్ని."

"పంపితే పోయేదాన్ననుకున్నావా? అంతమంది చుట్టాలు కూర్చుని చెబితేనే నిన్ను వదల్లేదు. కంటికి కనపడని పురుగు చెబితే వదులుతానా?"

ఆ మాటకు మరకలక్క వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నేళ్ళలో ఎన్నో మరకలు వదలగొట్టిన మనిషి, తన మనసులో పడ్డదాన్ని మాత్రం ఒక ముసలమ్మ ఒక్క మాటతో ఉతికేస్తే చూస్తూ కూర్చుంది. కాసేపయ్యాక పెద్దావిడే, "ఇక చాలు లేవే, నా చీర తడిపేస్తున్నావ్. దానికి ఫోను చెయ్యి, రానక్కర్లేదని" అంది.

మర్నాడు లాండ్రీలో మధ్యాహ్నం అక్క మెట్ల కింద నుంచి మళ్ళీ బెంచీ మీదికి వచ్చింది. ఏమీ అడక్కుండా బాబాయి డబ్బాలోంచి పెద్ద కూరముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. "ఉప్పు తక్కువైంది" అంది. "నీ చెయ్యి పడ్డాక ఇంకేం మిగిలిందని?" అన్నాడాయన. అవతలివాళ్ళకు అది రోజూ వినే గొడవే. తర్వాత సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళి, కొత్త దుప్పట్లకు దారం దొడ్డుగా కుట్టిద్దాం, గ్లౌజు తీయకుండానే కనపడాలి అని గొడవపెట్టి ఒప్పించుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో కత్తెర తీసుకుని తువ్వాలు మూలనున్న ఎర్రదారం విప్పబోయింది. కత్తెర చప్పుడు విని అత్తగారు, "అది విప్పకే! ఇంట్లో నాకు ఆనేది అదొక్కటే" అంది. అక్క కత్తెర పక్కన పెట్టి, సూదిలో ఎర్రదారం ఎక్కించింది.

సెలవు రోజు వచ్చింది. వేణ్ణీళ్ళు కాగాయి. అక్క పాత పద్ధతిలో రుద్దింది, పెద్దావిడ పాత పద్ధతిలో అరిచింది. స్నానమయ్యాక ఆవిడ తడి తలతో తీగ దగ్గరికి నడిచి, కళ్ళు చికిలించి చూసింది. తీగ మీద ఉన్న ప్రతి తువ్వాలు మూలనా ఎర్రగా కనిపించింది.

"ఏమే, అన్నిటికీ కుట్టేశావేంటి? ఇందులో నాదేది?"

"ఏదైనా ఒకటే అత్తయ్యా."

పెద్దావిడ చేతికందినది లాక్కుని మొహం తుడుచుకుంది. తర్వాత అదే తువ్వాలు పట్టుకుని ఇటు తిరిగి, "నువ్వూ తడిసి ముద్దయ్యావ్. రా, ఇలా కూర్చో, నీ తల తుడుస్తా" అంది.